గడ్చిరోలిలో పసిబిడ్డలు ఎలా బతికారు, తల్లులు ఇంకా నది ఎందుకు దాటుతున్నారు

2024 జూలైలో భామ్రాగడ్ తాలూకాలో ఒక గర్భిణిని జేసీబీ తొట్టిలో ఎక్కించి వాగు దాటించిన వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. జనం రెండు రోజులు ప్రభుత్వాన్ని తిట్టి వదిలేశారు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో ఇది కొత్త కాదు. పర్లకోట నది పొంగిందంటే భామ్రాగడ్‌కు దారులన్నీ మూసుకుపోతాయి. అయితే పుట్టిన బిడ్డను గుడిసెలోనే ఎలా కాపాడుకోవచ్చో దేశానికి నేర్పింది కూడా ఈ జిల్లానే. బిడ్డల విషయంలో అంత ముందున్న చోట తల్లుల విషయం ఎందుకు వెనకబడిందో చూడాలంటే కొంచెం పాత సంగతులు కదపాలి.

జిల్లాకు దక్షిణపు కొసన సిరోంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది ఇక్కడే. ఇవతల సిరోంచ, అవతల కాళేశ్వరం. సిరోంచ, అంకీసా, అసరల్లి వైపు చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు, పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు, అడవి లోపలికి పోతే మాడియా ఆదివాసులు మాట్లాడే మాడియా గోండి. బ్రిటిషు వాళ్ల కాలంలో ఎగువ గోదావరి జిల్లాకు సిరోంచే కేంద్రం. 1874లో ఆ ప్రాంతాన్ని చాందా (ఇప్పటి చంద్రపూర్) జిల్లాలో కలిపేశారు. చాందా 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చింది. 1982 ఆగస్టు 26న గడ్చిరోలి వేరే జిల్లా అయింది. పటం ఎన్నిసార్లు మారినా సిరోంచ వాళ్లకు ఒరిగింది తక్కువ. ఇప్పటికీ జిల్లా కేంద్రం దాదాపు 200 కిలోమీటర్ల దూరం, దారి పొడుగునా అడవి.

అందుకే తరాలుగా కాన్పంటే ఇల్లే, మంత్రసానే. ఆమె చేతిలో నైపుణ్యం లేదని కాదు. అడ్డం తిరిగిన బిడ్డను పొట్ట తడిమి పోల్చుకునే మంత్రసానులు ఉండేవాళ్లు. కానీ ఏడవని బిడ్డను ఏం చేయాలి, ఆగని రక్తాన్ని ఎలా ఆపాలి అన్నప్పుడు ఆమె దగ్గర మందూ లేదు, పంపడానికి దవాఖానా లేదు. ముర్రుపాలు పిండి పారబోసి తేనో, చక్కెర నీళ్లో నాకించడం, పుట్టీ పుట్టగానే ఒళ్లు రుద్ది నీళ్లు పోయడం ఇరు ఒడ్లా ఉన్న అలవాటే. అందులో మరాఠీ, తెలుగు తేడా ఏమీ లేదు.

1973లో సంఘసేవకుడు బాబా ఆమ్టే భామ్రాగడ్ దగ్గరి హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ అనే సేవా కేంద్రం మొదలుపెట్టాక, డాక్టర్లయిన ఆయన కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని అక్కడే ఉండిపోయి వైద్యం చేశారు. భామ్రాగడ్ వైపు చాలామంది మాడియా వాళ్లు డాక్టరును చూసింది అప్పుడే. తర్వాత 1986లో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ దంపతులు అమెరికాలో ప్రజారోగ్యం చదివి తిరిగొచ్చి, గడ్చిరోలిలో ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. ఆదివాసులకు ఆస్పత్రి అంటే భయమని గమనించి, వాళ్ల ఊళ్లలోని ఇళ్ల తరహాలోనే కట్టి, వాళ్లు కోరినట్టే దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు.

రాణీ బంగ్ ముందు ఆడవాళ్ల జబ్బుల మీద పడ్డారు. రెండు ఊళ్లలో 650 మందిని పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధమైన జబ్బు ఉందని తేలింది. అంతకు ముందు ఆ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 8 శాతమే. 1989లో ‘లాన్సెట్’ వైద్య పత్రికలో వచ్చిన ఈ లెక్క చాలామందికి మింగుడుపడలేదు. అప్పటిదాకా పల్లెటూరి ఆడదాని ఆరోగ్యమంటే ప్రభుత్వాల దృష్టిలో కుటుంబ నియంత్రణ ఆపరేషనే మరి.

పిల్లల దగ్గరికి వస్తే మొదటి శత్రువు నిమ్ము (న్యుమోనియా). మన వైపు “డొక్కలెగరేస్తున్నడు” అంటారే, అదే. నిమ్మును పట్టాలంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఆ పైన ఏడాది లోపు వాళ్లకు 50 దాటితే ప్రమాదం. చాలామంది మంత్రసానులకు పన్నెండుకు మించి లెక్క రాదు. అందుకని బంగ్ దంపతులు వాళ్ల కోసం ఒక చెక్క పరికరం తయారుచేశారు. దాని మీద నిమిషంలో కారిపోయే ఇసుక గడియారం, రెండు వరుసల్లో పూసలు. పది శ్వాసలకు ఒక పూస జరపాలి. చంటిబిడ్డ వరుసలో ఐదు ఆకుపచ్చవి, చివర ఒక ఎర్రది. పెద్దపిల్లల వరుసలో నాలుగు ఆకుపచ్చవి, ఒక ఎర్రది. ఇసుక అయిపోయేలోగా ఎర్ర పూస జరిగిందంటే నిమ్మే, మందు మొదలుపెట్టాలి. చదువు రాని మనిషిని చదువు వచ్చేదాకా ఆగమనకుండా, ఆమెకు వచ్చిన లెక్కతోనే పని జరిపించారు. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనబడేది ఈ పూసల చెక్కే.

నిమ్ము చావులు తగ్గాక తేలిందేమిటంటే, ఏడాది లోపు చనిపోయే పిల్లల్లో ఎక్కువ మంది మొదటి నెలలోనే పోతున్నారు. 1993-95 మధ్య సెర్చ్ పనిచేసే ఊళ్లలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 62 మంది నెల తిరక్కుండానే కన్నుమూసేవారు. పచ్చి బాలింత గడప దాటదు, బిడ్డను బయటికి తేరు. కాబట్టి వైద్యమే ఇంట్లోకి వెళ్లాలి. 39 ఊళ్లలో కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లను ఎంచి, ఏడవని బిడ్డకు మాస్కుతో ఊపిరి అందించడం, తక్కువ బరువు బిడ్డకు వెచ్చదనం ఇవ్వడం, ఒంట్లో చీము జబ్బు (సెప్సిస్) సోకితే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేయడం నేర్పారు. ఊరి ఆడమనిషి పసిగుడ్డుకు సూది వేయడమేమిటని డాక్టర్లు గొడవ చేశారు. మూడో ఏడాదికి వచ్చేసరికి, ఈ సేవలు లేని 47 ఊళ్లతో పోలిస్తే నెల లోపు చావులు 62 శాతం తగ్గాయి. 1999లో ఆ ఫలితం లాన్సెట్‌లో అచ్చయింది.

కేంద్రం దాన్ని ఆశా కార్యకర్తలకు అప్పగించడానికి మరో పన్నెండేళ్లు పట్టింది. 2011 నుంచి దేశమంతా ఆశాలు బాలింత ఇంటికి 42 రోజుల్లో ఆరుసార్లు, ఇంట్లోనే కాన్పయితే ఏడుసార్లు వెళుతున్నారు. మొత్తానికి చేతిలో పెట్టేది 250 రూపాయలు. సూది మాత్రం వాళ్ల చేతికి ఇవ్వలేదు. గడ్చిరోలి అనుభవంలో అసలైన ముక్కను ఢిల్లీ భయపడి పక్కన పెట్టిందనే నేను అనుకుంటాను.

తల్లి విషయం ఇలా గుడిసెలో తేలేది కాదు. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే గంటల్లో రక్తం ఎక్కించాలి. బిడ్డ అడ్డం తిరిగితే ఆపరేషన్ కావాలి, మత్తు డాక్టరు కావాలి. పూసల చెక్క లాంటి తెలివి ఇక్కడ పనికిరాదు. రోడ్డు, బండి, రక్తం, డాక్టరు నాలుగూ ఒకే రాత్రి ఒకే చోట కుదరాలి. 2005లో జననీ సురక్షా యోజన ఆస్పత్రి కాన్పుకు డబ్బులిచ్చింది. 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం కాన్పు, రక్తం, బండి, తిండి అన్నీ ఉచితమంది. వాగు దాటలేనివాళ్ల కోసం మహారాష్ట్ర గిరిజన ప్రాంతాల్లో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పక్కనే ‘మాహేర్ ఘర్’లు కట్టింది. నెలలు నిండాక ముందే వచ్చి అక్కడ ఉండొచ్చు. ఆలోచన మంచిదే. కానీ ఇంట్లో ఇద్దరు పిల్లలు, పొలంలో నాట్లు వదిలేసి వారం పది రోజులు వచ్చి కూర్చోవడం ఎంతమందికి కుదురుతుంది?

రాష్ట్రం సగటు చూస్తే ఇవేవీ కనబడవు. 2018-20లో మహారాష్ట్రలో లక్ష సజీవ జననాలకు 33 మంది తల్లులు చనిపోయారు, దేశం సగటు 97. ముంబై, పుణే, భామ్రాగడ్ అన్నీ కలిపి కట్టిన లెక్క అది.

సిరోంచ వాళ్లు తమ దారి తామే చూసుకున్నారు. పూర్వం పడవ మీద కాళేశ్వరం వచ్చి, అక్కడి నుంచి బండి కట్టించుకునేవారు. వరదొస్తే అదీ లేదు. 2016లో గోదావరి మీద వంతెన తెరిచాక పరిస్థితి మారింది. కాన్పు కష్టమైతే గడ్చిరోలి పొమ్మని చీటీ రాసినా, ఇంటివాళ్లు బండిని మంచిర్యాల వైపో వరంగల్ వైపో తిప్పేస్తారు. దూరం తక్కువ, పైగా నర్సమ్మ “నొప్పులు ఎప్పటి సంది?” అని అడిగితే పేషెంటుకు అర్థమవుతుంది. నొప్పుల టెన్షన్‌లో ఉన్న మనిషికి ఇది చిన్న విషయం కాదు.

చిక్కల్లా కాగితాలతోనే. 1969 చట్టం ప్రకారం పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. అలా బిడ్డ సర్టిఫికెట్ తెలంగాణది, తల్లి రేషన్ కార్డు మహారాష్ట్రది. 2017లో తెలంగాణ మొదలుపెట్టిన కేసీఆర్ కిట్ డబ్బు కూడా అక్కడి నివాసులకే కాబట్టి వీళ్లకు రాలేదు. సిరోంచ ఆశా పుస్తకం మరాఠీలో ఉంటుంది, డిశ్చార్జి కాగితం మీద అవతలి రాష్ట్రం ముద్ర ఉంటుంది. ఏ టీకా ఎక్కడ వేశారో ఆమె ఇంటికెళ్లి అడిగి రాసుకోవాల్సిందే. నదికి అటూ ఇటూ ఉన్న జిల్లాల ఆరోగ్యాధికారులు నెలకోసారి ఈ కాన్పుల జాబితాలు మార్చుకుంటే సగం పని తీరుతుంది. దానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.