‘నవలలో ఇలా లేదే’: ఒక పాత ఫిర్యాదు చరిత్ర

పేరున్న నవల ఒకటి సినిమాగానో వెబ్ సిరీస్‌గానో వస్తున్నదని తెలియగానే వాదన మొదలవుతుంది. ఆ పాత్రకు ఈ నటుడా అని కొందరు పెదవి విరుస్తారు. చూసి వచ్చాక ‘నవలలో ఇలా లేదే’ అని మరికొందరు నొచ్చుకుంటారు. అయినా ఇద్దరూ చూడకుండా ఉండరు, చూసినవారిలో చాలామంది మళ్లీ ఆ పుస్తకం వెతుక్కోకుండానూ ఉండరు. ఈ నొచ్చుకోలు సినిమాతో పుట్టినదని అనుకోవడం సహజమే గానీ, సినిమా పుట్టడానికి సుమారు అరవై ఏళ్ల ముందే అది ఉంది. అప్పుడు నొచ్చుకున్నది పాఠకుడు కాదు, స్వయంగా నవలా రచయిత.

1838 నవంబరులో లండన్‌లోని సర్రే థియేటర్‌లో ‘ఆలివర్ ట్విస్ట్’ నాటకం ఆడుతుండగా చార్లెస్ డికెన్స్ చూడడానికి వెళ్లాడు. ఆయనకు అప్పటికి ఇరవై ఆరేళ్లు. నవల ‘బెంట్లీస్ మిసెలనీ’ పత్రికలో ఇంకా సీరియల్‌గా నడుస్తూనే ఉంది, పుస్తకం కూడా ఆ నెలలోనే బయటికి వచ్చింది. ఆయన మిత్రుడు, తరువాత ఆయన జీవితచరిత్ర రాసిన జాన్ ఫార్‌స్టర్ చెప్పినదాని ప్రకారం, మొదటి రంగం సగంలో ఉండగానే డికెన్స్ తమ బాక్సులో ఒక మూల నేల మీద పడుకుండిపోయి, తెర దించేదాకా లేవలేదు. తన పాత్రలు తనవి కాని మాటలు మాట్లాడుతుంటే ఆయన చేయగలిగింది అంతకంటే ఏమీ లేదు, ఎందుకంటే నవలను నాటకంగా మార్చి ఆడుకోవడానికి రచయిత అనుమతి అవసరమని అప్పటి బ్రిటిష్ చట్టం ఎక్కడా చెప్పలేదు. ఆయన తన కసిని తరువాతి నవల ‘నికొలస్ నికల్‌బీ’లో తీర్చుకున్నాడు: అందులో ఒక నాటక రచయిత 247 నవలలను అవి వెలువడినంత వేగంగానూ, కొన్నింటిని అవి వెలువడినదానికంటే వేగంగానూ నాటకాలుగా మార్చేశానని గొప్పలు చెప్పుకుంటాడు. సీరియల్ పూర్తి కాకుండానే నాటకశాలల వాళ్లు ముగింపును సొంతంగా కల్పించుకుని ఆడేసేవారు కాబట్టి, చివరి మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

నాటకశాలలు ఇంతగా ఎగబడడానికి కారణం సీరియల్ అనే అమరికలోనే ఉంది. ఆనాడు ఇంగ్లండ్‌లో మూడు సంపుటాల నవల వెల 31 షిల్లింగుల 6 పెన్నీలు, అంటే మామూలు ఉద్యోగి కొనగలిగేది కాదు. 1836లో మొదలైన డికెన్స్ నవల ‘పిక్‌విక్ పేపర్స్’ నెలకు ఒక భాగం చొప్పున, భాగానికి ఒక్క షిల్లింగు వెలతో వచ్చింది. మొదట్లో కొన్ని వందల ప్రతులకే బైండింగ్ చేయించిన ప్రచురణకర్తలు, సామ్ వెల్లర్ పాత్ర ప్రవేశించాక గిరాకీ పెరిగి పెరిగి చివరి భాగాలకు వచ్చేసరికి నలభై వేల దాకా అచ్చు వేయవలసి వచ్చింది. అదే సంవత్సరం పారిస్‌లో ఎమిల్ ద జిరార్దాఁ ‘లా ప్రెస్’ దినపత్రికను మిగతా పత్రికల చందాలో సగానికి, ఏడాదికి 40 ఫ్రాంకులకు ఇస్తూ, నష్టాన్ని ప్రకటనలతో పూడ్చుకునే పద్ధతి తెచ్చాడు. ప్రకటనలకు పాఠకులు కావాలి, పాఠకులు రోజూ పత్రిక కోసం ఎదురుచూడాలంటే కథ కావాలి. ‘తరువాయి రేపటి సంచికలో’ అన్న మాట వెనుక ఉన్న లెక్క ఇదే.

ఈ ఎదురుచూపు పాఠకుడికి కథ మీద ఒక రకమైన హక్కును ఇచ్చింది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచేది ఇదే. ఏకబిగిన చదివి ముగించిన పుస్తకంలో ముగింపు రచయితది. నెలల తరబడి భాగాలుగా చదివిన కథలో మాత్రం, ఒక భాగానికీ మరో భాగానికీ నడుమ ఏం జరుగుతుందో ఊహించుకుంటూ, ఇంట్లోవాళ్లతో వాదించుకుంటూ, పాఠకుడు తన వంతు కథ తాను అల్లుకుంటాడు. 1842 జూన్ నుంచి 1843 అక్టోబరు దాకా ఒక పారిస్ దినపత్రికలో నడిచిన ‘పారిస్ రహస్యాలు’ నవలకు రచయిత యూజీన్ సూ పేరిట పాఠకుల ఉత్తరాలు కుప్పలుగా వచ్చేవి. ఫలానా పాత్రను కాపాడమని, ఫలానా అన్యాయం గురించి రాయమని అడిగేవారు. అలెగ్జాండర్ డ్యూమా ఈ ఆకలిని అందరికంటే బాగా గ్రహించాడు. ఇతరులు తన నవలలను నాటకాలుగా ఆడేదాకా ఆగకుండా, 1847లో పారిస్‌లో తన రచనల కోసమే ఒక నాటకశాల తెరిచాడు. ప్రారంభ నాటకం, తన నవల ఆధారంగానే వేసినది, సుమారు తొమ్మిది గంటలు నడిచింది. ‘మాంటీ క్రిస్టో’ను మరుసటి ఏడాది వరుసగా రెండు సాయంత్రాలు ప్రదర్శించారు. ఒకే నవలను రెండు భాగాల సినిమాగా తీయడం కొత్త ఎత్తుగడ అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

అనుసరణ వల్ల నవలకు నిజంగా నష్టం జరిగిన సందర్భమూ ఉంది. హారియెట్ బీచర్ స్టో రాసిన ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ 1852లో పుస్తకంగా వచ్చి, తొలి ఏడాదిలోనే అమెరికాలో మూడు లక్షల ప్రతులు అమ్ముడైంది. నాటక హక్కు కావాలని అడిగినవారిని ఆమె కాదన్నది గానీ, ఆమె కాదన్నా ఔనన్నా చట్టరీత్యా తేడా లేదు. నాటక బృందాలు ఊరూరా తిరిగి దశాబ్దాల పాటు దానిని ఆడాయి. కొన్ని నాటకాలలో కథానాయకుడైన నల్లజాతి బానిస టామ్ చనిపోకుండా బతికి బయటపడ్డాడు. చాలావాటిలో, ముఖానికి మసి పూసుకున్న తెల్లజాతి నటులు పాటలతో, వెకిలి హాస్యంతో అతణ్ణి యజమాని అడుగులకు మడుగులొత్తే ముసలివాడిగా మార్చారు. నవలలోని టామ్, పారిపోయిన ఇద్దరు బానిస స్త్రీల జాడ చెప్పనందుకు దెబ్బలు తిని ప్రాణం విడిచినవాడు. ఈనాడు ఆ పేరు నల్లజాతివారి నడుమ ఒక తిట్టుగా మిగిలిందంటే, ఆ పాపంలో ఎక్కువ వాటా పుస్తకానిది కాదు, రంగస్థలానిది. పైగా, ఆమె నవలను అనుమతి లేకుండా జర్మన్‌లోకి అనువదించినవారిపై వేసిన దావాలో 1853లో న్యాయమూర్తి, పుస్తకం అచ్చయిన తరువాత అందులోని పాత్రలు హోమర్, సెర్వాంటెస్ సృష్టించిన పాత్రల్లాగే అందరి సొత్తు అయిపోయాయని తీర్పు చెప్పాడు. పాఠకుడి మనసులో కథ అందరిదీ కావడం వేరు, దానిని ఎవరైనా వంకర తిప్పి అమ్ముకోవచ్చనడం వేరు. ఈ రెంటికీ తేడా గుర్తించడానికి చట్టానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

ఆ లోపల రచయితలు పక్కదారులు వెతుక్కున్నారు. ‘లిటిల్ లార్డ్ ఫాంట్లరాయ్’ను అనుమతి లేకుండా నాటకం వేసినవాడి మీద 1888లో ఇంగ్లండ్‌లో కేసు గెలిచారు గానీ, గెలిచింది కథను తీసుకున్నందుకు కాదు, నటుల కోసం, సెన్సారు అధికారి కోసం రాసుకున్న నాలుగు నాటక ప్రతులలో పుస్తకంలోని భాగాలను ఎత్తి రాసినందుకు. ఇంకో దారి, పుస్తకం వెలువడకముందే రచయితే దానిని ఒకసారి రంగస్థలం మీద చదివించి నాటక హక్కును తన పేర కట్టుకోవడం. బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ను 1897 మే 18న తాను మేనేజరుగా ఉన్న లైసియం థియేటర్‌లో అలాగే చదివించాడు. సెన్సారుకు పంపిన ఆ నాటక ప్రతిలో నవల ప్రూఫు కాగితాలను కత్తిరించి అతికించి, అతుకుల దగ్గర చేత్తో రాసిన వాక్యాలు కనిపిస్తాయి. ఆ తొందరలోనే ఒక రచయిత భయమంతా తెలుస్తుంది. ఆ భయం ఊరికే పోలేదు. స్టోకర్ పోయాక, పేర్లు మార్చి జర్మనీలో 1922లో తీసిన ‘నోస్ఫెరాటు’ మీద ఆయన భార్య కోర్టుకెక్కి, ప్రతులన్నిటినీ నాశనం చేయాలన్న ఉత్తర్వు సంపాదించింది. అప్పటికే దేశాలు దాటిపోయిన ప్రతుల వల్ల సినిమా మిగిలింది. ఆమె పక్షాన న్యాయం ఉందనే నేను నమ్ముతాను, ఆ సినిమా మిగిలినందుకు సంతోషించకుండానూ ఉండలేను.

సినిమాకు ఈ ప్రశ్న ఎదురైంది ‘బెన్ హర్’తో. లూ వాలెస్ 1880లో ప్రచురించిన ఈ నవలను 1899లో న్యూయార్క్‌లో నాటకంగా వేసినప్పుడు, రథాల పందెం కోసం వేదిక మీద తిరిగే పట్టాలపై నిజమైన గుర్రాలను పరుగెత్తించి, వెనుక గీసిన దృశ్యాలను వ్యతిరేక దిశలో తిప్పారు. క్రీస్తు పాత్రను ఏ నటుడూ ధరించకూడదని వాలెస్ షరతు పెట్టడంతో, అక్కడ ఒక వెలుగురేఖను మాత్రమే చూపించారు. 1907లో కేలమ్ అనే సంస్థ ఎవరినీ అడగకుండా ఒక్క రీలులో ఈ కథను సినిమాగా తీసింది. ప్రచురణకర్తలు వేసిన దావా అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లి, కదిలే బొమ్మలతో కథ చెప్పడం కూడా నాటకీకరణే అని 1911లో తీర్పు వచ్చింది; సంస్థ 25,000 డాలర్లు చెల్లించింది. అదే ఏడాది బ్రిటన్‌లోనూ కొత్త చట్టం నవలా రచయితకు నాటక హక్కును ఇచ్చింది. ‘సినిమా హక్కులు’ అని ఈనాడు తేలికగా అనే మాట వెనుక ఉన్న గట్టి పునాది ఇది. 1959లో విలియం వైలర్ తీసి పదకొండు ఆస్కార్లు గెలుచుకున్న ‘బెన్ హర్’లో కూడా క్రీస్తు ముఖం ఎక్కడా కనిపించదు. వాలెస్ పోయి అప్పటికి యాభై నాలుగేళ్లు.

ఆ చూపించని ముఖం దగ్గరే అసలు విషయం ఉందని నా అభిప్రాయం. నవల ఎంత వర్ణించినా ముఖాన్ని పూర్తిగా ఇవ్వదు. మిగతాది చదివేవారు పూరించుకుంటారు. అనుసరణ ఆ లక్ష ముఖాల స్థానంలో ఒక్క ముఖాన్ని పెడుతుంది. సీరియల్ నవలల్లో ఈ పని తెరకంటే ముందే బొమ్మలు చేశాయి. షెర్లాక్ హోమ్స్ అనగానే తలపుకు వచ్చే చెవుల టోపీ సిడ్నీ పాజెట్ పత్రికలో గీసిన బొమ్మలలోనిది, వంకీ తిరిగిన పైపు నటుడు విలియం జిలెట్ నాటకంలోనిది. హోమ్స్‌కు పెళ్లి చేయవచ్చా అని జిలెట్ అడిగితే, పెళ్లి చేసినా చంపినా నీ ఇష్టం అన్నాడు కానన్ డాయిల్. డికెన్స్ నేల మీద పడుకున్నచోట ఈయన చేతులు దులుపుకున్నాడు. అయినా డాయిల్ 1893లో చంపిన హోమ్స్‌ను, పాఠకులు ఊరుకోక, ఆయనే మళ్లీ బతికించవలసి వచ్చింది. తమిళంలో కల్కి 1950 నుంచి 1954 దాకా వారం వారం రాసిన ‘పొన్నియిన్ సెల్వన్’ పాత్రలకు మణియం గీసిన బొమ్మలే తరతరాల పాఠకులకు రూపాలయ్యాయి. ఎం.జి.ఆర్. సినిమాగా తీయబోయి విరమించుకున్న ఆ నవలను చివరికి మణిరత్నం 2022, 2023లలో రెండు భాగాలుగా తీసినప్పుడు, పాఠకులు పోల్చి చూసుకున్నది అక్షరాలతో పాటు ఆ బొమ్మలతోనూ.

ఒకే నవలను ఎన్నిసార్లు తీసినా తీరని దాహం ఎలా ఉంటుందో శరత్‌చంద్ర ‘దేవదాసు’లో చూడవచ్చు. 1917లో పుస్తకంగా వచ్చిన ఈ చిన్న నవల 1928లో మూకీగా మొదలై డజనుకు పైగా సినిమాలైంది. పి.సి. బరువా హిందీలో సైగల్‌తో తీసిన చిత్రానికి ఛాయాగ్రాహకుడిగా పనిచేసిన బిమల్ రాయ్ 1955లో తానే దిలీప్ కుమార్‌తో మళ్లీ తీశాడు. ఈ రెంటికీ నడుమ 1953లో వేదాంతం రాఘవయ్య అక్కినేని, సావిత్రిలతో తీసినది తెలుగువారికి చెప్పనక్కరలేదు. దేవదాసు ఏ పనీ చేయలేనివాడు, నిర్ణయం తీసుకోవలసిన ప్రతిచోటా వెనక్కి తగ్గేవాడు. ఆ ఖాళీలోనే ప్రతి నటుడికీ, ప్రతి తరానికీ చోటు దొరికింది. ఒక్క ఉదాహరణ: నవలలో పార్వతి, చంద్రముఖి ఎప్పుడూ కలుసుకోరు. బిమల్ రాయ్ సినిమాలో పల్లకిలో వెళుతున్న పార్వతి, దారిన నడిచిపోతున్న చంద్రముఖి ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకుని, మాట లేకుండా దాటిపోతారు. 2002లో సంజయ్ లీలా భన్సాలీ సినిమాలో ఇద్దరూ కలిసి నాట్యమే చేశారు. ‘నవలలో ఇలా లేదే’ అన్నమాట ఇక్కడ అక్షరసత్యం. కానీ ఆ ఇద్దరూ కలిస్తే ఏమనుకునేవారో అని చదివిన ప్రతివారూ ఊహించుకునే ఉంటారు. ఆ పల్లకి సన్నివేశం నవలలో లేకపోయినా, నవలను ప్రేమించి చదివినవాడి మనసులో నుంచే వచ్చిందని నాకు అనిపిస్తుంది. నాట్యం గురించి అంత ధీమాగా చెప్పలేను.

ముఖం పెట్టడానికి అసలే ఒప్పుకోనివారిలో కొలంబియా నవలా రచయిత గాబ్రియెల్ గార్సియా మార్కెజ్ ప్రసిద్ధుడు. సినిమా అంటే ఆయనకు గిట్టక కాదు. ఆయన స్క్రీన్‌ప్లేలు రాశాడు, 1986లో క్యూబాలో సినిమా బడి నెలకొల్పినవారిలో ఒకడు. అయినా 1967లో వచ్చిన ‘వందేళ్ల ఏకాంతం’ నవల హక్కులను బతికున్నంతకాలం ఇవ్వలేదు. ఆ పాత్రలను పాఠకులు తమ చుట్టాల, స్నేహితుల ముఖాలతో ఊహించుకుంటారని, తెరమీద ఒక నటుడు కనిపిస్తే ఆ స్వేచ్ఛ పోతుందని ఆయన వాదం. 2014లో ఆయన పోయాక, కుమారులిద్దరూ నిర్మాణంలో భాగస్వాములుగా, స్పానిష్ భాషలో, కొలంబియాలోనే తీయడానికి ఒప్పుకుని నెట్‌ఫ్లిక్స్‌కు హక్కులిచ్చారు. మొదటి ఎనిమిది భాగాలు 2024 డిసెంబరులో వచ్చాయి. అంతకుముందు చదివినవారికి ఆ నవలలోని ఉర్సులా తమ ఇంటి ముసలమ్మల పోలికలతోనే ఉండిపోతుంది. ఆ తరువాత పుస్తకం తెరిచేవారిలో చాలామందికి ఆమె మొదటి పేజీ నుంచే ఒక నటి ముఖంతో కనిపిస్తుంది.