పాత కిటికీని మార్చాలా, ఉంచాలా: ఒక వడ్రంగి వినే అపోహలు, చూసే వాస్తవాలు

నల్లగొండలోని మా వడ్రంగి దుకాణానికి కిటికీల మాట మీద జనం ఏడాదిలో రెండు మార్లు ఎక్కువగా వస్తారు. రోహిణి కార్తె ఎండకు గదులు కుంపటిలా కాగినప్పుడు ఒకసారి వస్తారు. ఆ తరువాత మృగశిర వానలకు రెక్కలు బిగుసుకుపోయి, కిటికీ కింది గోడ మీద తేమ మరక కనిపించినప్పుడు మరోసారి వస్తారు. ఎప్పుడు వచ్చినా మొదట అడిగేది మాత్రం ఒక్కటే: "పాతవి తీసి కొత్తవి పెట్టిస్తే ఎంతవుతుంది?" అసలు మార్చాల్సిన అవసరం ఉందా అని అడిగేవారు తక్కువ. మరో వందేళ్లు ఉండగల టేకు కిటికీని పొయ్యి పాలు చేసినవారినీ, అడుగంతా చివికిన కిటికీకి ఏటా దసరాకు రంగు వేయించి నెట్టుకొస్తున్నవారినీ ఈ ఇరవై ఏళ్లలో నేను చూశాను. ఆ రెండు రకాల పొరపాట్లకూ మూలమైన మాటలను ఇక్కడ ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

అపోహ: ముప్పై ఏళ్లు దాటితే చెక్క కిటికీ పని అయిపోయినట్టే.

వాస్తవం: చెక్కకు వయసు కన్నా చేవ ముఖ్యం, చేవ కన్నా నీరు ఎక్కడ నిలుస్తుందన్నది ముఖ్యం. చెక్కను చివికించే బూజుకు తేమ కావాలి. కట్టెలో తేమ సుమారు ఇరవై శాతం లోపు ఉన్నంతకాలం అది పెరగలేదు. అందువల్లనే మంచి సజ్జ కింద ఉన్న టేకు చౌకట్టు మూడు తరాలు నిలబడుతుంది, సజ్జ లేని పడమటి గోడకు పెట్టిన కొత్త చౌకట్టు పదేళ్లు తిరగకముందే అడుగు చివికిపోతుంది. కొల్లాపూర్ వైపు ఒక ఇంట్లో కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు, శ్రీశైలం జలాశయంలో ఊరు మునిగినప్పుడు పాత ఇంటి నుంచి విప్పి తెచ్చి పెట్టుకున్న కిటికీలను చూశాను. ఇంటి కొడుకు వాటిని తీసేయమన్నాడు. తల్లి మాత్రం "మా మామ ఎడ్లబండి మీద ఏసుకొచ్చిన కిటికీలు నాయనా, పోయినయో లేదో నువ్వే చూసి చెప్పు" అన్నది. చూశాను. నాలుగింటిలో మూడు బండరాయిలా ఉన్నాయి. నాలుగోదాని అడుగు పట్టె మాత్రం పోయింది, ఎందుకంటే దాని పైన సజ్జ విరిగి చాలా ఏళ్లయింది.

చూసే పద్ధతి కష్టమైనదేమీ కాదు, గోనె సంచులు కుట్టే దబ్బనం ఒకటి ఉంటే చాలు. కిటికీని పై నుంచి కాకుండా కింది నుంచి చూడాలి. మొదట అడుగు పట్టె రెండు మూలలు, తరువాత నిలువు పట్టెల పాదాలు, ఆ తరువాత ఇనుప సలాకలు అడుగు పట్టెలోకి దిగే రంధ్రాలు చూడాలి. మన పాత కిటికీల్లో నేను మొదట అనుమానించేది ఆ రంధ్రాలనే. వాన నీరు సలాక వెంట జారి రంధ్రంలో నిలుస్తుంది, ఇనుము తుప్పు పట్టి తన అసలు పరిమాణం కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, ఆ ఒత్తిడికి పట్టె నార వెంట సన్నగా చీలుతుంది, ఆ చీలికలోకి మరుసటి ఏడాది వాన దిగుతుంది. పైన రంగు పొర గట్టిగా ఉండటం వల్ల ఇదంతా కంటికి కనిపించదు. దబ్బనాన్ని బొటనవేలితో నొక్కినప్పుడు మొన మాత్రమే దిగి ఆగిపోతే కట్టె బాగున్నట్టు. తడిసిన రొట్టెలోకి దిగినట్టు అర అంగుళం దిగి, బయటికి తీసినప్పుడు గోధుమరంగు పొడి అంటుకొని వస్తే అక్కడ చెక్క చచ్చినట్టు. అడుగు పట్టె ఒక్కటే పోతే దానిని కోసి కొత్త కట్టెతో అతుకు వేయవచ్చు. రెండు నిలువు పట్టెల పాదాలూ పోయినప్పుడు మాత్రం అతుకుల కోసం ఖర్చు పెట్టడం దండగని నేను నిర్మొహమాటంగా చెబుతాను. రెక్క ఎంత పాడైనా రెక్కనే మార్చుకోవచ్చు; చౌకట్టు పోయినప్పుడే కిటికీ పోయినట్టు లెక్క.

అపోహ: వానాకాలంలో రెక్క పట్టేస్తే కిటికీ వంకరపోయినట్టు.

వాస్తవం: చెక్క గాలిలోని తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, నిలువునా దాదాపు ఉబ్బదు. శ్రావణంలో పట్టేసిన రెక్క సంక్రాంతికి తనంతట తానే వదులవుతుంది. ఈ పని నేర్చుకున్న కొత్తలో, ఒక ఇంటివారు తొందరపెట్టారని నడి వానాకాలంలో ఆరు రెక్కలకు రందా పట్టాను. మే నెల వచ్చేసరికి రెక్కల మధ్య చిటికెన వేలు దూరేంత సందు పడి, వాటికి నా ఖర్చుతోనే పట్టీలు కొట్టి ఇవ్వాల్సి వచ్చింది. ఒరుసుకునే చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, ఎండలు ముదిరాక కూడా అక్కడే పట్టేస్తుంటే అప్పుడు వడ్రంగిని పిలవాలి.

అపోహ: రంగు వేయిస్తే కట్టెకు మళ్లీ ప్రాణం వస్తుంది.

వాస్తవం: ఎండిన కట్టెకు రంగు రక్ష, తడిసిన కట్టెకు అదే శిక్ష. లోపలికి చేరిన తేమను బయటికి పోనివ్వక అది మూతలా పనిచేస్తుంది. కిటికీ అడుగు భాగంలో మాత్రమే రంగు బొబ్బలెక్కి, పై భాగంలో నున్నగా ఉంటే అది రంగు లోపం కాదు, నీరు దిగిందనడానికి గుర్తు. ఇక్కడ మరొక విషయం చెప్పకుండా ఉండలేను. గృహావసరాల రంగుల్లో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఎనామిల్ రంగుల్లో అంతకన్నా చాలా ఎక్కువ సీసం ఉండి ఉండవచ్చు. అటువంటి రంగును పొడిగా గీకితే లేచే ధూళి పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. నీళ్లు చల్లి తడిగా గీకించండి, ఆ రాలిన పెచ్చులను వాకిట్లోకి ఊడ్చవద్దు, పని ముగిసేదాకా పిల్లలనూ గర్భిణులనూ ఆ గదిలోకి రానివ్వకండి.

అపోహ: చెదలు పట్టిన చౌకట్టును తీసి కొత్తది పెడితే చెదల బాధ తీరిపోతుంది.

వాస్తవం: చెదలు కిటికీలో పుట్టవు. అవి నేలలోని పుట్ట నుంచి గోడ సందుల గుండా మట్టి దారి వేసుకొని చౌకట్టు దాకా వస్తాయి. మర్రిగూడ దగ్గర ఒక మట్టిగోడ ఇంట్లో, చెదలు తిన్న వేప చౌకట్టును తీసి కొత్త టేకు చౌకట్టు బిగించాను. గోడకు గాని పునాదికి గాని మందు వేయించమని ఇంటివారికి చెప్పలేదు, నాకే తోచలేదు. మూడో ఏడు పిలిపించి చూపించారు: టేకు చేవను, అంటే నడిమి గట్టి కట్టెను ముట్టుకోలేదు గాని, అంచున నేను వదిలేసిన తెల్లకట్టెను, అంటే చేవ చుట్టూ బెరడు కింద ఉండే లేత భాగాన్ని, మొత్తం కాగితం పొరల్లా తినేశాయి. తప్పు కట్టెది కాదు, నాది. అప్పటి నుంచి పునాది వెంబడి, గోడకూ చౌకట్టుకూ మధ్య సందులో చెదల మందు వేయించిన తరువాతనే కొత్తది బిగిస్తున్నాను, తెల్లకట్టెను పూర్తిగా తీసేస్తున్నాను. కిటికీ కింద సన్నని పిండి రాలుతూ చెక్క మీద సూది మొన అంత గుండ్రని రంధ్రాలు కనిపిస్తే మాత్రం అవి చెదలు కావు, పిండి పురుగులు. అవి తెల్లకట్టెకే పరిమితమవుతాయి కాబట్టి ఆ భాగానికి మందు పట్టిస్తే చాలాసార్లు చౌకట్టు దక్కుతుంది.

అపోహ: కొత్త కిటికీలు, అందులోనూ రెండు పొరల గాజు పెట్టిస్తే వేసవిలో ఇల్లు చల్లబడుతుంది.

వాస్తవం: అమ్మేవారు ఎక్కువగా చెప్పేదీ, కొనేవారు ఎక్కువగా నిరాశపడేదీ ఈ విషయంలోనే. కిటికీ గుండా వేడి రెండు దారుల్లో వస్తుంది. బయటి వేడి గాలి గాజును కాచి లోపలికి దిగేది ఒకటి, ఎండ నేరుగా గాజును దాటి వచ్చేది మరొకటి. బయట 44 డిగ్రీలు, ఏసీ వేసిన గదిలో 26 డిగ్రీలు ఉన్నప్పుడు ఒంటి గాజు గుండా మొదటి దారిలో వచ్చే వేడి చదరపు మీటరుకు సుమారు వంద వాట్లు. రెండు పొరల గాజు దానిని దాదాపు సగం చేస్తుంది. కాని సాయంత్రం నాలుగు గంటలకు పడమటి కిటికీ మీద పడే ఎండ చదరపు మీటరుకు కొన్ని వందల వాట్లు ఉంటుంది, మామూలు తెల్ల గాజు అందులో ఐదింట నాలుగు వంతులను లోపలికి వదులుతుంది, రెండు పొరలు పెట్టినా పదింట ఏడు వంతుల వరకు వస్తూనే ఉంటుంది. ఎండను తట్టి వెనక్కి పంపే పూత ఉన్న గాజు వేరు, వట్టి రెండు పొరల గాజు వేరు. ఏది ఇస్తున్నారో బిల్లు మీద రాయించుకోవాలి.

మన ప్రాంతంలో మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కాబట్టి దక్షిణం వైపు రెండడుగుల సజ్జ ఉంటే ఆ వేళ గాజు మీద ఎండ పడదు. పడమటి ఎండ వాలుగా సజ్జ కింది నుంచి దూరుతుంది, దానికి సజ్జ పనికిరాదు. అక్కడ కిటికీ బయట వెదురు తెర గాని, తడిపిన వట్టివేళ్ల తడిక గాని వేలాడదీయడం కొత్త కిటికీ కన్నా మేలు చేస్తుంది. లోపలి పరదా వెలుతురును ఆపుతుంది గాని అప్పటికే గది లోపలికి చేరిన వేడిని బయటికి పంపలేదు. పైగా మిద్దె ఇంట్లో, ముఖ్యంగా పై అంతస్తులో, అసలు వేడి దిగేది స్లాబు నుంచే. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చింది కూడా అందుకే. కిటికీల కోసం దాచుకున్న డబ్బులో కొంత ముందుగా మిద్దె మీద తెల్ల పూతకు పెట్టమని చెప్పినందుకు నేను పని పోగొట్టుకున్న ఇళ్లు కూడా ఉన్నాయి.

గాలి సంగతి వేరే చెప్పాలి. రెండు రెక్కల పాత కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది, దాని స్థానంలో పెట్టే రెండు పట్టాల స్లైడింగ్ కిటికీ ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. మే రాత్రి కరెంటు పోయినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. స్లైడింగే కావాలనుకునేవారు కంతను వెడల్పు చేయించుకోవాలి, లేదా బయటికి తెరుచుకునే రెక్కలే పెట్టించుకోవాలి.

అపోహ: కిటికీ కింద గోడ చెమర్చిందంటే కిటికీ కారుతున్నట్టు.

వాస్తవం: చాలా ఇళ్లలో కిటికీ నిర్దోషి. సజ్జ అడుగున అంచు వెంబడి నీరు తెగి పడటానికి ఒక గాడి ఉండాలి. అది లేకపోతే నీరు సజ్జ కింది తలం వెంట నడిచి గోడకు చేరి చౌకట్టు పై సందులో దిగుతుంది. మరికొన్ని చోట్ల కిటికీ కింది బండ బయటికి కాకుండా లోపలికి వాలి ఉంటుంది. ఎక్కడి నుంచి దిగుతుందో తేల్చుకోవడానికి వాన కోసం ఎదురు చూడనక్కరలేదు. ఒకరు లోపల నిలబడగా మరొకరు బయటి నుంచి పైపుతో నీరు పట్టాలి. మొదట కింది బండ మీద ఐదు నిమిషాలు, తరువాత రెక్కల మీద, ఆ తరువాత చౌకట్టుకూ గోడకూ మధ్య, చివరికి సజ్జ మీద. కింది నుంచి పైకి వెళ్లడమే ఇందులో కిటుకు, పై నుంచి మొదలుపెడితే అన్నీ ఒక్కసారే తడిసి ఏదీ తేలదు. ఇప్పటికే స్లైడింగ్ కిటికీలు ఉన్నవారు పట్టాలో నీరు నిలిచిందని కంగారు పడవద్దు. పట్టా బయటి వైపు నీరు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి, మన ఎర్రమట్టి దుమ్ముకు అవి పూడిపోతాయి, మళ్లీ అదే దబ్బనంతో పొడిస్తే నీరు పోతుంది.

అపోహ: రెక్కలు మూతపడటం లేదు, మూలల్లో పగుళ్లు వచ్చాయి, కాబట్టి కిటికీ మార్చాలి.

వాస్తవం: చౌకట్టు ఒక మూల నుంచి ఎదురు మూలకు తాడుతో కొలిచి, రెండో జతను కూడా కొలవండి. రెండు కొలతలూ సమానంగా ఉంటే లోపం రెక్కలో లేదా మడతబందుల్లో ఉంది. తేడా ఉండి, కిటికీ మూలల నుంచి గోడ మీద ఏటవాలుగా పగుళ్లు కూడా పాకుతుంటే కదిలింది గోడ. నల్లరేగడి నేల మీద కట్టిన ఇళ్లలో నేల వానలకు ఉబ్బి, ఎండలకు కుంగి ఇలా చేస్తుంది. కిటికీ పైన గోడ బరువు మోసే అడ్డ దూలం (లింటల్) లేకుండా కట్టిన పాత గోడల్లోనైతే చౌకట్టే గోడ బరువు మోస్తూ ఉంటుంది. అటువంటి చౌకట్టును పైన ఊత పెట్టకుండా ఊడదీయడం ప్రమాదం. ముందు ఇంజనీరుకు గాని అనుభవం ఉన్న మేస్త్రీకి గాని చూపించి గోడ సంగతి తేల్చాలి. లేకపోతే ఎంత ఖరీదు పెట్టి తెచ్చిన కిటికీ అయినా రెండో వేసవికి మళ్లీ పట్టేస్తుంది.

అపోహ: యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ కిటికీ ఒకసారి పెడితే మళ్లీ ముట్టుకోనక్కరలేదు.

వాస్తవం: దానికి చెదలు పట్టవు, తుప్పు పట్టదు. అంతవరకు నిజమే. కాని దాని రబ్బరు పట్టీలు ఎండకు గట్టిపడతాయి, చక్రాలు అరుగుతాయి. ఆరడుగుల యూపీవీసీ పట్టె చలికాలపు ఉదయానికీ వేసవి మధ్యాహ్నానికీ మధ్య దాదాపు నాలుగు మిల్లీమీటర్ల మేర సాగుతుంది కనుక చుట్టూ సందు వదిలి ఫోమ్, సిలికాన్‌తో నింపాలి. సిమెంటుతో బిగదీసి కట్టిన మేస్త్రీ చేతిలో ఎంత మంచి కిటికీ అయినా విల్లులా వంగుతుంది. ఆ బోలు పట్టె లోపల బలానికి పెట్టే ఇనుప పట్టీ ఉందో లేదో కోసిన ముక్కను చూసి తెలుసుకోవచ్చు.

ఇనుప కిటికీల గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. పాత క్వార్టర్లలో కనిపించే ఆ సన్నని ఇనుప చట్రాలు తుప్పుతో ఉబ్బి గాజును వాటంతటవే పగలగొడుతున్నాయంటే, కొత్తగా వేసిన గాజు కూడా నిలవదు. వాటిని మార్చాల్సిందే.

అపోహ: తీసేసిన పాత కట్టెకు విలువ ఉండదు, కొత్త కిటికీ పెట్టేవారికి వదిలేయవచ్చు.

వాస్తవం: చౌకట్టు అడుగు పోయినా పైపట్టె, నిలువు పట్టెల పై భాగాలు చాలాసార్లు గట్టిగానే ఉంటాయి, అటువంటి ఎండిన టేకు ఇప్పుడు కలప అడితిలో సులభంగా దొరకదు. కొల్లాపూర్ ఇంటి నాలుగో కిటికీకి కొత్త అడుగు పట్టె వేయడానికి కట్టె కొనలేదు. వారి పశువుల కొట్టంలో మూలకు వేసి ఉన్న పాత దర్వాజ నిలువు పట్టెనే కోసి అతికాను. విరిగిన సజ్జను మాత్రం ముందుగా మేస్త్రీతో కట్టించమని చెప్పి, అది ఆరిన పదిహేను రోజులకు వెళ్లి బిగించి వచ్చాను.