కేకు కుంగిందా? సోడా డబ్బా జోలికి వెళ్లకండి: పండుగ బేకింగ్, అల్లికల మీద అపోహలు - వాస్తవాలు

డిసెంబరు సగం దాటిందంటే మా ఇంటికి వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నతో వస్తాయి. "మేడమ్, ప్లమ్ కేకు మధ్యలో గుంట పడింది. మళ్లీ కలుపుతున్నాను. ఈసారి సోడా ఇంకెంత వేయమంటారు?" పెంచవద్దు, వీలైతే తగ్గించండి అంటే అవతలి నుంచి కాసేపు మాట రాదు. అప్పటికే పక్కింటావిడ, కిరాణా కొట్టాయన, ఫోనులో చూసిన వీడియో అందరూ కలిసి ఒకటే మాట నూరిపోసి ఉంటారు: పొంగలేదంటే సోడా చాలలేదు.

భీమవరంలో మావారూ నేనూ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాం, నేర్పుతాం. తూకం, టిన్నులు, ఓవెన్ ఆయన చూస్తారు. పిండి కలపడం, పైపూతలు నావి. క్రిస్మస్ ముందు సాయంత్రాలు మా వరండాలో స్నేహితులు చేరి ఊలు అల్లుకుంటూ ఉంటారు, లోపల కేకులు కాలుతూ ఉంటాయి. ఈ రెండు పనుల చుట్టూ తిరిగే పుకార్లు విని విని ఈ రాత. మొదటిదాని మీదే ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే జనం డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. ఒక కిలో ప్లమ్ కేకు పాడైతే పోయేది మైదా ఒక్కటే కాదు. వెన్న, గుడ్లు, జీడిపప్పు, కిస్‌మిస్, చెర్రీలు, పైగా పండుగ ముందు రోజు రాత్రి.

అపోహ: కేకు పొంగలేదంటే సోడా చాలలేదు

సోడా గానీ బేకింగ్ పౌడర్ గానీ కేకులో కొత్త బుడగలు పుట్టించవు. అప్పటికే పిండిలో ఉన్న బుడగలను పెద్దవి చేస్తాయి, అంతే. ఆ బుడగలు ఎక్కడి నుంచి వస్తాయి? మీరు వెన్న, పంచదార కలిపి గిలక్కొట్టినప్పుడు, గుడ్డు గిలక్కొట్టినప్పుడు లోపలికి చేరిన గాలి నుంచి. ఆ గాలి లేనప్పుడు ఎన్ని చెంచాల పౌడర్ వేసినా పుట్టిన వాయువుకు నిలవడానికి చోటు ఉండదు.

ఇక ఎక్కువ వేస్తే జరిగేది చూడండి. బుడగలు త్వరగా ఉబ్బి, ఒకదానితో ఒకటి కలిసి, పైకి తేలి పగిలిపోతాయి. గుడ్డులోని ప్రోటీను, మైదాలోని గంజి వేడికి గట్టిపడి గోడలు కట్టేలోపే లోపలి వాయువు బయటికి వెళ్లిపోతుంది. ఓవెన్ అద్దంలోంచి చూస్తే కేకు బ్రహ్మాండంగా లేస్తున్నట్టే కనిపిస్తుంది. పది నిమిషాల తర్వాత మధ్యలో కూలిపోతుంది. అంటే గుంట పడిన కేకుకు మందు అనుకుని మీరు రెండోసారి పెంచిన సోడాయే ఆ గుంటను ఇంకా లోతు చేస్తుంది. సోడా మిగిలిపోతే సబ్బు రుచి అదనం.

లెక్క ఇది. 125 గ్రాముల మైదాకు బేకింగ్ పౌడర్ ఒక చిన్న చెంచా, మహా అయితే చెంచాంపావు. వంటసోడా అయితే పావు చెంచా, అదీ పెరుగో నిమ్మరసమో బెల్లమో లాంటి పులుపు గుణమున్న సరుకు పడినప్పుడే. అంతకు మించి ఎవరు చెప్పినా వినకండి.

మరి గుంట ఎందుకు పడింది? కేకును పారేయకుండా మధ్యకు కోసి చూడండి, జవాబు అక్కడే ఉంటుంది. మధ్యలో తడిగా, జిగురుగా, వేలితో నొక్కితే ముద్దలా ఉందా? కాలడం చాలలేదు. పెద్ద పెద్ద రంధ్రాలు, ముదురు గోధుమ రంగు, నాలుక చివర సబ్బు రుచి ఉన్నాయా? సోడా ఎక్కువైంది. గుంట లేకుండా మొత్తం మొద్దుగా, అడుగున నూనె పట్టినట్టు ఉందా? వెన్న గిలక్కొట్టడం దగ్గరే తేడా వచ్చింది.

ఈ మూడోది మన కోస్తాలో మరీ ఎక్కువ. వెన్న 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంటే గాలిని పట్టుకుంటుంది. మా ఊళ్లో డిసెంబరు మధ్యాహ్నం కూడా గదిలో పెట్టిన వెన్న అంతకంటే మెత్తబడి జారిపోతుంది. "గది వేడిలో ఉన్న వెన్న" అని వంటకంలో రాసింది చల్లని దేశపు గది గురించి. వేలితో నొక్కితే గుంట పడాలి, వేలు జారిపోకూడదు. జారితే గిన్నెతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ తర్వాత వెన్న, పంచదార రంగు తేలి లేత మీగడలా అయ్యేదాకా ఓపిగ్గా గిలక్కొట్టండి. గుడ్లు ఒక్కొక్కటిగా వేయండి. విరిగినట్టు కనిపిస్తే ఒక చెంచా మైదా చల్లండి, కలిసిపోతుంది.

మొదటిదానికి, అంటే కాలడం చాలకపోవడానికి, అసలు కారణం చాలా ఇళ్లలో ఓటీజీ, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్, మీద ఉన్న అంకె. మీట 160 దగ్గర పెట్టినంత మాత్రాన లోపల 160 ఉండదు. నా దగ్గర నేర్చుకున్న ఒక స్కూలు టీచరు ప్రతి పండుగకూ కేకు కుంగిందని కన్నీళ్లు పెట్టుకునేవారు. అత్తగారింట్లో అందరి ముందూ కోయాల్సిన కేకు మరి. మావారు మా ఓవెన్ థర్మామీటరు పట్టుకుని వాళ్లింటికి వెళ్లారు. మీట 160 చూపిస్తోంది, థర్మామీటరు ముల్లు 130 దగ్గర ఆగింది. ఆమె చేతిలో ఏ లోపమూ లేదు. మీటను పైకి జరిపి, థర్మామీటరు 160 చూపిన చోట పెన్నుతో గీత పెట్టి వచ్చారు. ఆ ఏడాది నుంచి ఆమె కేకు కుంగలేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే ఆ చిన్న పరికరం కొనమని ఓవెన్ ఉన్న ప్రతి ఒక్కరినీ బతిమాలుతున్నాను.

ఓవెన్ ముందుగా కనీసం పావుగంట వేడెక్కాలి. పండ్లు దట్టంగా ఉన్న కేకుకు 150, 160 డిగ్రీల సన్నని వేడి మీద గంట నుంచి గంటన్నర పడుతుంది. మొదటి ముప్పావుగంట తలుపు ముట్టుకోకండి. పైభాగం ముందే ఎర్రబడితే, ఆ తర్వాత అల్యూమినియం రేకు వదులుగా కప్పండి. నడిమధ్యలో గుచ్చిన పుల్లకు పిండి అంటకూడదు. కిస్‌మిస్ జిగురు అంటితే కంగారు పడకండి, పక్కన ఇంకోచోట గుచ్చి చూడండి.

ఇంకో మాట. అరకిలో పండ్లు మోస్తున్న కేకు స్పాంజిలా గుమ్మటం కట్టదు. పైన చదునుగా, కోస్తే బరువుగా ఉండటం దాని స్వభావం. బాగా వచ్చిన ప్లమ్ కేకును చూసి "పొంగలేదు" అని బాధపడే వాళ్లు ఎంతమందో! పండుగ ముందు రాత్రి ఈ దిగులు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంటికి వచ్చే చుట్టాల ముఖాలు ఒక్కొక్కటిగా కళ్ల ముందు కదులుతాయి. నిజంగానే కుంగి, లోపల పచ్చిగా ఉన్నా సరుకు పారేయవద్దు. ముక్కలుగా కోసి, 150 డిగ్రీల దగ్గర రెండు వైపులా పొడిబారేదాకా కాల్చండి. టీలోకి రస్కుల్లా బాగుంటాయి. సోడా ఎక్కువైన కేకును మాత్రం ఎవరూ కాపాడలేరు. పాకం ముదిరిన అరిసెల్లాగే, అది చేయి దాటిపోయినట్టే.

అపోహ: కప్పు అంటే కప్పే

కాదు. బేకింగ్ కప్పు 240 మిల్లీలీటర్లు, మన టీ కప్పు దానికి దరిదాపుల్లో ఉండదు. సరైన కప్పే తీసుకున్నా, మైదాను చెంచాతో వదులుగా నింపితే 120, 125 గ్రాములు వస్తుంది. డబ్బాలో ముంచి అదిమితే 150 దాటుతుంది. రెండు కప్పుల వంటకంలో ఆ తేడా 50 గ్రాములు దాటవచ్చు. కేకు గట్టిపడటానికి అది చాలు. తూకం కొనండి. మా ఇంట్లో తూకం వేయకుండా ఏదీ గిన్నెలో పడదు. ఆ విషయంలో మావారి పట్టుదల మా స్నేహితులందరికీ తెలుసు.

అపోహ: మద్యం లేకపోతే ప్లమ్ కేకు కాదు, వేసినా ఓవెన్‌లో ఆవిరైపోతుంది

రెండూ తప్పే. పండ్లను నారింజ రసంలోనో ద్రాక్ష రసంలోనో నానబెట్టి ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచితే చక్కగా ఊరుతాయి. మా చర్చి వాళ్లలో చాలామందికి నేను చేసిచ్చేది అదే. అలాంటి కేకును మాత్రం వారంలోపు తినేయాలి. ఇక మద్యం కలిపి గంటసేపు కాల్చినా దాదాపు నాలుగో వంతు మిగిలే ఉంటుంది. గర్భిణులకు, పిల్లలకు, తాగుడు మానేసిన వాళ్లకు పెట్టేముందు చెప్పడం మన బాధ్యత. కేరళలో తలశ్శేరికి చెందిన మాంబళ్లి బాపు 1883లో ఒక ఇంగ్లీషు దొర కోసం క్రిస్మస్ కేకు చేసినప్పుడు విదేశీ బ్రాందీకి బదులు అక్కడ దొరికే సారానే వాడారని చెబుతారు. మన దేశపు తొలి క్రిస్మస్ కేకుగా పేరుపడినదే అలా తయారైందంటే, సీమ సరుకు కోసం హైరానా పడటం దేనికి?

అపోహ: పండ్లకు మైదా పట్టిస్తే అడుగుకు దిగవు

కాస్త ఉపయోగమే గానీ అసలు సంగతి పిండి చిక్కదనం. పలచగా ఉంటే మైదా పట్టించినా దిగుతాయి. పండ్లు చిన్నగా తరిగి, తడి తుడిచి వేయండి.

అపోహ: ఎంత నల్లగా ఉంటే అంత అసలైన కేకు

రంగు మాడ్చిన పంచదార పాకం నుంచి వస్తుంది. మరీ మాడిస్తే చేదు. ఆ పాకంలో నీళ్లు పోసేటప్పుడు వేడినీళ్లే, కొద్ది కొద్దిగా, ముఖం దూరంగా ఉంచి పోయండి. పిల్లలను వంటింట్లోకి రానివ్వకండి.

అపోహ: ఓవెన్ లేనిదే కేకు లేదు

మా చిన్నప్పుడు కలిపిన పిండిని టిన్నులతో సహా బేకరీకి పంపి కాల్పించుకునేవాళ్లం. ఇప్పుడైనా మందపాటి గిన్నెలో ఉప్పో ఇసుకో పరిచి, స్టాండు పెట్టి, మూతపెట్టి సన్న సెగ మీద కాల్చవచ్చు. కుక్కర్ అయితే వెయిట్, గ్యాస్కెట్ తప్పకుండా తీసేయాలి.

అపోహ: మన వేడికి అల్లికలు ఎందుకు?

ఇది విన్నప్పుడల్లా నాకు బాధే. నరసాపురం మాకు దగ్గరే. మిషనరీల ద్వారా పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి తీరానికి వచ్చిన క్రోషే లేసు, అంటే ఒకే కొక్కెం సూదితో అల్లే లేసు, ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా కూడు పెట్టింది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సన్నని నూలుదారంతో అల్లేది వేడి ఊళ్లో కాక ఎక్కడ అల్లుతారు? మా వరండాలో చేరే వాళ్లలో ఇద్దరు ఆ లేసు పనిలో పెరిగినవాళ్లే. వాళ్లు చెబుతుంటేనే మావారు రెండు సూదుల అల్లిక పట్టుకున్నారు. అది మగవాళ్ల పని కాదనే మాట మా వరండాలో చెల్లదు. పైగా చేతిలో అల్లిక ఉంటే ఎవరూ పది నిమిషాలకోసారి లేచి ఓవెన్ తలుపు తీయరు.

అపోహ: కొలత కాగితం మీద ఉంది కదా, స్వెట్టరు సరిపోతుంది

ఓవెన్ మీట మీద అంకె ఎంత నిజమో ఇదీ అంతే. ఒకరి చేయి బిగువు, ఒకరిది వదులు. ముందుగా పది సెంటీమీటర్ల చదరం అల్లి, ఉతికి ఆరేసి, కుట్లు లెక్కపెట్టండి. కాగితం మీద రాసిన లెక్కకు తేడా వస్తే సూది సైజు మార్చండి.

అపోహ: ఊలుతో అల్లిన పట్టుగుడ్డ వేడి టిన్ను పట్టుకోవడానికి పనికొస్తుంది

ఈ ఒక్కటీ దయచేసి పూర్తిగా చదవండి. పండుగకు ఇచ్చిపుచ్చుకునే కానుకల్లో రంగురంగుల వంటింటి పట్టుగుడ్డలు, అంటే వేడి గిన్నెలు పట్టుకుని దించే గుడ్డలు, ఎక్కువ. మన బజార్లో ఊలు పేరుతో అమ్మేదాంట్లో చాలావరకు అక్రిలిక్, అంటే ప్లాస్టిక్ జాతి దారం. ఓవెన్‌లోంచి తీసిన టిన్ను వేడికి అది మెత్తబడుతుంది, కాలుతున్న రాడ్డుకో స్టౌ మంటకో తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. మా స్నేహితురాలి కోడలి అరచేతి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎంతో ప్రేమగా అల్లి ఇచ్చిన కానుక అది. ఇచ్చినవాళ్లకూ తెలియదు, తీసుకున్నవాళ్లకూ తెలియదు.

పట్టుగుడ్డ నూలుదారంతోనే అల్లండి, రెండు పొరలుగా. పొడిగా ఉన్నప్పుడే వాడండి, తడిగుడ్డ వేడిని ఇంకా త్వరగా చేతికి చేరవేస్తుంది. ఇంట్లో ఉన్నది ఏ దారమో తెలియకపోతే చిన్న పోగు తుంచి, పట్కారుతో పట్టుకుని, సింకు పైన అగ్గిపుల్లతో వెలిగించండి. కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద మిగిలితే నూలు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయితే అసలైన ఊలు. కరిగి నల్లని గట్టి పూసలా మారితే అక్రిలిక్. దాన్ని మఫ్లర్లకు, టోపీలకు వాడుకోండి. ఇప్పటికే వంటింట్లో వేలాడుతున్న పట్టుగుడ్డ అక్రిలిక్‌ది అయితే ఈ రోజే తీసి పక్కన పెట్టండి.