కబురు ఆగకపోతే

1962లో అమెరికా జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథి నుంచి ఒక ప్రొటీన్ తీశాడు. దాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఎక్కిస్తే మామూలుకన్నా ముందే కళ్లు తెరిచాయి, పళ్లు కూడా తొందరగా వచ్చాయి. అదే ఈజీఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్). ఇంత పని చేయించే ఈ ప్రొటీన్ తనంతట తాను జన్యువుల జోలికి పోదు. కణం పైపొరలో ఉండి బయటి కబుర్లు అందుకునే ప్రొటీన్, అంటే రిసెప్టర్, ఒకటుంది: ఈజీఎఫ్ఆర్. దాన్ని పట్టుకుంటుంది, అంతే.

దాంతో రెండు రిసెప్టర్లు జతకట్టి, లోపలివైపున్న తోకలకి ఒకదానికొకటి ఫాస్ఫేట్లు (భాస్వరం ఉన్న చిన్న రసాయన గుంపులు) తగిలించుకుంటాయి. అక్కడినుంచి ఈజీఎఫ్ తెచ్చిన కబురు రాస్, రాఫ్, మెక్ అనే ప్రొటీన్ల చేతులు మారి ఎర్క్ అనే ప్రొటీన్‌కి చేరుతుంది. ఎర్క్ కేంద్రకంలోకి వెళ్తుంది. నిమిషాల్లోనే ఫాస్ అనే జన్యువు మేలుకుంటుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే సంగతి ఇక్కడే ఉంది. ఫాస్ ప్రొటీన్‌కి ఆయుష్షు చాలా తక్కువ. అది తయారై వచ్చేసరికి ఎర్క్ ఇంకా చురుగ్గా ఉంటే, దానికీ ఫాస్ఫేట్లు తగిలించి నిలబెడుతుంది. ఎర్క్ అప్పటికే చల్లబడితే ఫాస్ కూడా నశిస్తుంది. అంటే కబురు వచ్చిందా లేదా అన్నదే కాదు, ఎంతసేపు ఉందన్నదీ కణం లెక్కపెడుతోంది. నిలబడ్డ ఫాస్, జున్ అనే ప్రొటీన్‌తో కలిసి కణ విభజనకి కావలసిన జన్యువులని నడిపిస్తుంది.

ఆరోగ్యంగా ఉన్న కణం ఈ కబురుని ఎక్కువసేపు సాగనివ్వదు. రిసెప్టర్‌ని లోపలికి లాక్కుని అరిగించేస్తుంది. పైగా, ఎర్క్ లేపిన జన్యువుల్లోనే ఎర్క్‌ని ఆపే ప్రొటీన్లు తయారుచేసేవీ ఉంటాయి.

క్యాన్సర్‌లో చెడేది ఈ ఆపుదలే. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లలో ఈజీఎఫ్ఆర్ 858వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆర్జినిన్ అనే ఇంకొకటి వస్తుంది. ఆ ఒక్క మార్పుతో ఈజీఎఫ్ రాకపోయినా రిసెప్టర్ పనిచేస్తూనే ఉంటుంది. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో దీని తోబుట్టువైన హెర్2 అనే రిసెప్టర్ జన్యువుకి బోలెడు కాపీలు పుడతాయి. కోళ్లకి క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్‌దైతే ఇంకా మొరటు పద్ధతి: బయటి భాగం కోసేసిన ఈజీఎఫ్ఆర్‌ని మోసుకు తిరుగుతుంది. 1984లో ఈ సంగతి బయటపడింది.

హెర్2ని బయటినుంచి పట్టుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందుకి 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. జెఫిటినిబ్ లాంటి మందులు ఈజీఎఫ్ఆర్ ఫాస్ఫేట్ తగిలించే చోటుని లోపలే మూసేస్తాయి. కణితి తగ్గుతుంది. కానీ కొన్నాళ్లకి కొన్ని కణితులు మెట్ అనే వేరే రిసెప్టర్ జన్యువు కాపీలు పెంచుకుని, అదే ఎర్క్‌కి ఇంకో దారిలో కబురు పంపడం మొదలుపెడతాయి.