ప్రొపెల్లర్ ఎంత జారాలి?

పడవ వెనక తగిలించే 15 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిను తీసేసి 25 పెడితే చేపల పడవ వేగం ఎంత పెరుగుతుందని ఒక పాఠకుడు అడిగారు. పడవ నిండుగా ఉన్నప్పుడైతే పెరిగేది చాలా కొంచెం, పెట్రోలు మాత్రం గట్టిగా తాగుతుంది. ఎందుకో చెప్పాలంటే అలతో మొదలుపెట్టాలి. అక్కడ ఎక్కువసేపు ఆగను, ఎందుకంటే అసలు సరదా అంతా ప్రొపెల్లర్ దగ్గరే ఉంది.

నీటిని చీల్చుకుంటూ పోయే పడవ ముక్కు దగ్గర అల లేస్తుంది. ఆ అల పడవతో పాటే పరుగెత్తుతుంది. లోతు నీటిలో అల వేగాన్ని దాని పొడవే నిర్ణయిస్తుంది: మీటర్లలో పొడవు తీసుకుని, వర్గమూలం కట్టి, 4.5తో గుణిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నీటి మట్టం దగ్గర 6.25 మీటర్ల పొడవున్న పడవకు వర్గమూలం 2.5, అంటే వేగం 11 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేగంలో ఒక శిఖరం ముక్కు కింద, రెండోది సరిగ్గా వెనక అంచు కింద ఉంటాయి. ఇంకా తోశారంటే రెండో శిఖరం పడవను దాటి వెనక్కి పోతుంది. పడవ వెనక భాగం గుంటలో కూర్చుంటుంది, ముక్కు పైకి లేస్తుంది. అక్కడి నుంచి ఇంజిను చేసే పనల్లా పడవను దాని అల మీదికే ఎక్కించడం. ఈ అలల నిరోధాన్ని రాపిడి నిరోధం నుంచి విడదీసి లెక్కగట్టే పద్ధతిని ఇంజినీరు విలియం ఫ్రూడ్ 1870లలో ఇంగ్లండులోని టార్కీ దగ్గర కట్టిన నీటి తొట్టిలో నమూనా ఓడల్ని లాగించి నిలబెట్టాడు.

అడుగు చదునుగా, బరువు తక్కువగా ఉన్న పడవ ఆ అలను ఎక్కి నీటి పైన జారుతూ పోతుంది. దీన్నే ప్లేనింగ్ అంటారు. ఐసు, వల, చేపలతో నిండిన పడవ ఎక్కలేదు. ఎక్కలేని పడవకు హార్స్‌పవర్ కలిపితే అల ఎత్తు పెరుగుతుంది, అంతే.

ఇక ప్రొపెల్లర్. దాని మీద 9¼ × 9 లాంటి రెండు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. ప్రొపెల్లర్ చెక్కలోకి దిగే మర లాంటిదని పాఠాల్లో ఒక్క ముక్క చెప్పి వదిలేస్తారు. పిచ్ అంటే ఏమిటో చెప్పడానికి ఆ పోలిక పనికొస్తుంది: 9 అంగుళాల పిచ్ అంటే, మర అయితే ఒక చుట్టుకు 9 అంగుళాలు దిగేదన్న మాట. ఆ తర్వాత అదే పోలిక తప్పుదారి పట్టిస్తుంది. చెక్క ఎక్కడిది అక్కడే ఉంటుంది, నీరు వెనక్కి జరుగుతుంది. అందుకే చుట్టుకు 9 అంగుళాలు పోవాల్సిన పడవ ఏడో, అయిదో పోతుంది. ఈ తేడాకే స్లిప్ అని పేరు. మర జారిందంటే పాడైనట్టు లెక్క. ప్రొపెల్లర్ విషయం సరిగ్గా తలకిందులు: అసలు జారకపోతే అది తోయడం లేదన్న మాటే. చుట్టుకు కచ్చితంగా పిచ్ అంత దూరం పడవ కదిలితే, నీరు రెక్క అంచుకు దాని వాలులోనే వచ్చి తగులుతుంది. వాలుకూ వచ్చే నీటికీ మధ్య కోణం ఉండదు. కోణం లేకపోతే రెక్క మీద తోపు దాదాపు ఉండదు. తోపు అంటే సెకనుకు ఎన్ని కిలోల నీటిని, ఎంత వేగంతో వెనక్కి విసిరామన్న లెక్కే కదా. విసిరామంటే జారినట్టే.

కాబట్టి ప్రశ్న 'జారుతోందా' అని కాదు, 'ఎంత జారుతోంది' అని. దీన్ని కొలవడానికి ఇంజిను చుట్లు చూపే టాకోమీటరు, వేగం చూపే జీపీఎస్ చాలు. చిన్న ఇంజిన్లకు స్పార్క్ ప్లగ్ వైరుకు చుట్టే టాకోమీటర్లు దొరుకుతాయి. చుట్టుకు ఎన్ని స్పార్కులో అందులో సరిగ్గా పెట్టుకోవాలి. అంకె నమ్మలేనంతగా, సరిగ్గా రెట్టింపు వస్తోందంటే తప్పు ఆ సెట్టింగుదే. నీటి ప్రవాహం లెక్క చెడగొడుతుంది కనుక ఒకే దారిలో వెళ్ళి, తిరిగి వచ్చి, రెండు వేగాల సగటు తీయాలి. ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లు, గేరు నిష్పత్తి అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిను తిరిగే చుట్లు. సూత్రం ఇది: ఇంజిను ఆర్‌పీఎం × పిచ్ ÷ గేరు నిష్పత్తి ÷ 656 = జారకపోతే వచ్చే వేగం, గంటకు కిలోమీటర్లలో. నాట్లలో, అంటే గంటకు సముద్ర మైళ్ళలో కావాలంటే 656 బదులు 1215.

ఉదాహరణకు గేరు నిష్పత్తి 2.08, పిచ్ 9, ఆర్‌పీఎం 5500 అనుకుందాం. 36.3 వస్తుంది. ఖాళీ పడవ జీపీఎస్‌లో 30 చూపిస్తే స్లిప్ 17 శాతం. ప్లేనింగ్ చేసే తేలిక పడవకు 10 నుంచి 20 శాతం మామూలే. అదే పడవ సరుకుతో నిండినప్పుడు థ్రాటిల్ మొత్తం తిప్పినా 4600 దాటలేదు, వేగం 13 దగ్గరే ఆగింది అనుకోండి. జారకపోతే 30.3 రావాలి, అంటే స్లిప్ 57 శాతం. ఇంజిను అరుపంతా నీటిని చిలకడానికే సరిపోతోంది.

ఇక్కడ కాస్త లెక్క తప్పదు. పడవ సెకనుకు 3 మీటర్లు పోతోందనుకుందాం. ప్రొపెల్లర్ నీటిని 6 మీటర్ల వేగానికి తోస్తే, ఆదర్శ సామర్థ్యం (ఖర్చయిన శక్తిలో పడవను నడపడానికి దక్కే వాటా) 2 ÷ (1 + 6/3), అంటే 67 శాతం. అదే 4.5 మీటర్లకు తోస్తే 2 ÷ (1 + 4.5/3), అంటే 80 శాతం. రెండింట్లో తోపు సమానంగా రావాలంటే రెండోదానికి 2.4 రెట్ల వైశాల్యం, అంటే 1.55 రెట్ల వ్యాసం కావాలి. 9¼ అంగుళాల ప్రొపెల్లర్ 14 అంగుళాలు దాటాలన్న మాట! ఎక్కువ నీటిని నెమ్మదిగా నెట్టడం ఎప్పుడూ లాభమే. కానీ ప్రొపెల్లర్‌కు పైన ఉండే ప్లేటు అడ్డొస్తుంది, అంత పెద్ద రెక్కను తిప్పే గేరూ ఉండదు. బరువు పడవల కోసం 'హై థ్రస్ట్' రకం ఇంజిన్లలో గేరు నిష్పత్తిని మూడు దరిదాపులకు పెంచి పెద్ద ప్రొపెల్లర్ బిగించేది ఇందుకే. అది కొనే వీలు లేకపోతే, ఉన్న గేరుకు పట్టే ప్రొపెల్లర్లలో వ్యాసం ఎక్కువ, పిచ్ తక్కువ ఉన్నది ఎంచుకోవాలి.

పిచ్ తగ్గిస్తే వేగం తగ్గుతుందని ఒక గట్టి నమ్మకం ఉంది. నిండు పడవ విషయంలో జరిగేది చూడండి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్‌పీఎం సుమారు 200 పెరుగుతుంది. పై పడవకు 9 తీసి 7 వేస్తే 4600 కాస్తా 5000 అవుతుంది. ఇంజిను తన పూర్తి బలం ఇచ్చే చోటికి దగ్గరవుతుంది. జారకపోతే వచ్చే వేగం 25.6కు పడిపోతుంది, కానీ నిజంగా పడవ పోయే వేగం 13 నుంచి 13.5కు పెరిగిందనుకున్నా స్లిప్ 47 శాతానికి దిగుతుంది. కాగితం మీద చిన్న పిచ్, నీటి మీద ఎక్కువ తోపు.

ఎంత పిచ్ వేయాలో చెప్పేది ఇంజిను పుస్తకమే. పూర్తి థ్రాటిల్‌లో ఇన్ని ఆర్‌పీఎం మధ్య తిరగాలని అందులో రాసి ఉంటుంది, 4500–5500 అనో 5000–6000 అనో. రోజూ మోసే బరువు, అదే మనుషులు, అదే ఇంధనంతో పరీక్షించాలి. పరిమితి కింది అంచుకు కూడా చేరకపోతే పిచ్ ఎక్కువైనట్టు. ఆ స్థితిలో నడిపితే ఏమవుతుంది? థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంటుంది, సిలిండర్ నిండా మిశ్రమం చేరుతుంది, పిస్టన్ మాత్రం నెమ్మదిగా కదులుతుంది. ఒత్తిడికీ వేడికీ సమయం దొరుకుతుంది. మిశ్రమం అదుపు తప్పి పేలే నాకింగ్ మొదలవుతుంది, మసి పేరుకుంటుంది, చివరికి పిస్టన్ పైభాగం దెబ్బతింటుంది. ఇంజిను నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి సుఖంగా ఉందనుకోవడం పొరపాటు. పై అంచు దాటి అరుస్తుంటే పిచ్ తక్కువైనట్టు. నిండు బరువుకు ఎంచుకున్న ప్రొపెల్లర్ ఖాళీ పడవలో పరిమితి దాటవచ్చు. అప్పుడు థ్రాటిల్ కొంచెం తగ్గించుకుంటే సరి. ఇంధనం గొట్టానికి అయస్కాంతాలు కట్టుకుంటే మైలేజీ పెరుగుతుందని నమ్మేవాళ్ళున్నారు. పెట్రోలు అయస్కాంతాన్ని పట్టించుకునే పదార్థం కాదు. ఆ డబ్బుతో టాకోమీటరు కొనుక్కోవచ్చు.

ప్రొపెల్లర్ మార్చే ముందు రెండు దొంగల్ని పట్టుకోవాలి. ఒకటి థ్రాటిల్ కేబుల్. అది సాగిపోతే చేతిలో పిడి చివరిదాకా తిరిగినా కార్బ్యురేటర్‌లో పళ్ళెం పూర్తిగా తెరుచుకోదు. ఇంజిను ఆపి, ప్లగ్ వైర్లు తీసి, ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పుతూ ముందు గేరు వేసి, పిడి మొత్తం తిప్పి చూడాలి. పళ్ళెం గాలి దారికి సమాంతరంగా పడుకుని ఉండాలి. రెండోది ప్రొపెల్లర్ నడుమ ఉండే రబ్బరు బుష్. అది వదులైతే ఇరుసు తిరుగుతుంది, రెక్కలు వెనకబడతాయి. అప్పుడు స్లిప్ లెక్క అర్థం లేని అంకె చూపిస్తుంది. లోపలి గొట్టం నుంచి బయటి వలయం దాకా పెయింటుతో ఒక గీత గీసి, పూర్తి బలంతో నడిపి వచ్చి చూడండి. గీత విరిగిందంటే బుష్ పోయినట్టే.

రెక్క ముందు అంచును వేలితో తడిమి చూడండి. బియ్యపు గింజంత నొక్కు చాలు. ఆ నొక్కు వెనక నీటి పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. 30 డిగ్రీల నీరు వాతావరణ పీడనంలో సుమారు 24వ వంతుకు దిగితే అక్కడికక్కడే మరుగుతుంది, వేడి అక్కర్లేదు. ఆ ఆవిరి బుడగలు కొంచెం వెనక్కి జరిగి, పీడనం పెరిగిన చోట కూలిపోతూ లోహాన్ని గిల్లుతాయి. నొక్కు వెనకే చిన్న చిన్న గుంతలు కనిపిస్తే ఇదే కారణం. దీనికి కేవిటేషన్ అని పేరు. సన్నటి నొక్కును ఆకురాయితో నునుపు చేయవచ్చు, కానీ ఒక రెక్కకు చేసింది మూడింటికీ సమానంగా రావాలి. లేకపోతే వణుకు బయల్దేరుతుంది.

మలుపులో ఇంజిను ఒక్కసారిగా గీపెట్టి, తోపు మాయమైతే అది వేరే జబ్బు. ప్రొపెల్లర్ పైనుంచి గాలి పీల్చుకుంటోంది. దానికి మందు ఇంజిను ఎత్తు సరిచేయడమే. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే ప్లేటు పడవ అడుగుతో సమానంగా, లేదా 25 మిల్లీమీటర్ల లోపు కిందికి ఉండాలి. చాలా పడవల్లో అది ఇంకా కిందికి వేలాడుతుంది, నీటిని చిమ్ముతూ పడవను వెనక్కి పట్టి లాగుతుంది. బ్రాకెట్ కింద గట్టి చెక్క ముక్క పెట్టి ఒక్కోసారి 12 మిల్లీమీటర్ల చొప్పున పైకెత్తండి. మలుపులో గాలి పీల్చడం మొదలైతే ఒక మెట్టు దించి ఆగండి. ఎత్తిన ప్రతిసారీ చల్లబరిచే నీటి ధార సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవాలి, బిగింపు మరలు మళ్ళీ బిగించాలి.

ఇంజిను వాలును నిలిపే ట్రిమ్ పిన్ను సంగతి సులువు. పడవ పరుగెత్తేటప్పుడు ఆ ప్లేటు నీటి మట్టానికి సమాంతరంగా ఉండే రంధ్రమే సరైనది. ముక్కు నీటిని దున్నుతుంటే ఒక రంధ్రం బయటికి, ముక్కు ఎగిరెగిరి పడుతుంటే ఒకటి లోపలికి.

ప్లేనింగ్ పడవకు మాత్రం అడుగు కూడా చూడాలి. వెనక అంచు నుంచి ముందుకు మీటరున్నర దాకా తిన్నటి బద్ద పెట్టి చూడండి. మధ్యలో మూడు మిల్లీమీటర్ల సందు కనిపించినా అడుగు లోపలికి వంగినట్టే. ఒడ్డున దిమ్మలు తప్పు చోట పెట్టి నిలిపితే ఇలా అవుతుంది. ఆ వంపు వెనక భాగాన్ని పైకి నెట్టి ముక్కును నీటిలోకి నొక్కుతుంది. ఎపాక్సీ పుట్టీతో నింపి తిన్నగా రుద్దుకోవచ్చు. వెనక పలక కింది అంచు పదునైన మూలలా ఉండాలి. అది గుండ్రంగా అరిగితే నీరు తెగిపోకుండా పలక వెంట పైకి పాకుతూ పడవను పట్టుకుంటుంది.

కనిపించని బరువు మరొకటి. మూడు మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పున అడుగులో మూడు సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే 108 కిలోలు. ముక్కు లేచినప్పుడు అదంతా వెనక్కి పరుగెత్తి, ఎక్కడ ఉండకూడదో సరిగ్గా అక్కడ చేరుతుంది. ముందు ఆ నీరు తోడేయండి. బరువైన ఐసు పెట్టెను ముందుకు జరిపి చూడండి. అడుగున పాచి పట్టనివ్వకండి.

ఇన్ని చేశాక కూడా మొదట చెప్పిన అల, నిండు పడవ ఎక్కలేని ఆ గోడ, అలాగే ఉంటుంది. నిండు పడవలో ప్రొపెల్లర్‌కు కావలసిన శక్తి సుమారుగా ఆర్‌పీఎం ఘనంతో పెరుగుతుంది. ఆర్‌పీఎం పది శాతం తగ్గిస్తే శక్తి 0.9 × 0.9 × 0.9, అంటే 27 శాతం తగ్గుతుంది. వేగం కూడా పది శాతం తగ్గినా, కిలోమీటరుకు ఇంధనం దాదాపు 19 శాతం మిగులుతుంది. పాఠకుడు అడిగిన లెక్కకు ఇదే తిరగేసిన జవాబు: 15 నుంచి 25కు వెళితే శక్తి 1.67 రెట్లు, దాని ఘనమూలం 1.19. అంటే ఈ నియమం చెల్లినంత మేర కూడా వేగంలో 19 శాతానికి మించి రాదు. అల గోడ దగ్గర నిరోధం ఇంకా నిటారుగా పెరుగుతుంది కాబట్టి అదీ దక్కదు.

ప్రొపెల్లర్ విప్పిన ప్రతిసారీ ఇరుసు మీద చూడాల్సింది ఒకటుంది. తెగిన నైలాన్ దారం అక్కడ చుట్టుకుని, తిరిగే కొద్దీ వేడెక్కి, ఆయిల్ సీల్ పెదవిని కోసేస్తుంది. గేరు డబ్బా కింది మరను కాస్త వదులు చేసి రెండు చుక్కలు వేలి మీద పట్టండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే లోపలికి నీరు చేరినట్టు. కొత్త ప్రొపెల్లర్ కంటే ముందు సీల్ మార్చాలి.