కెటమిన్ రిజిస్టర్‌లో కనిపించని డాక్టర్

2025 జనవరిలో బ్రిటన్ హోంశాఖ కెటమిన్‌ను బి-తరగతి నుంచి మరింత కఠినమైన ఎ-తరగతికి మార్చాలా అని మాదకద్రవ్యాల సలహా మండలిని అడిగింది. దాన్ని మత్తు కోసం వాడటం పెరుగుతోందన్నది ప్రభుత్వ వాదన. ఆ మందునే గుర్రం నుంచి పిల్లి దాకా మత్తు ఇవ్వడానికి వాడే పశువైద్యులకూ ఈ చర్చతో సంబంధం ఉంది.

తరగతి వేరు, షెడ్యూల్ వేరు. అనుమతి లేకుండా దగ్గర ఉంచుకుంటే పడే శిక్షను తరగతి తేలుస్తుంది: బి అయితే అయిదేళ్ల వరకు, ఎ అయితే ఏడేళ్ల వరకు జైలు. క్లినిక్‌లో లెక్కాపత్రాలు షెడ్యూల్ కిందికి వస్తాయి. కెటమిన్ 2006లో సి, 2014లో బి అయింది. అసలు మలుపు 2015 నవంబరు 30. ఆ రోజు అది షెడ్యూల్ 2లో చేరింది. ఎంత వచ్చింది, ఏ జంతువుకు ఎంత వాడారు అన్నీ రిజిస్టర్‌కెక్కాలి. మన దేశంలోనూ 2013 చివర్లో దాన్ని షెడ్యూల్ ఎక్స్‌లో పెట్టి కట్టడి చేశారు.

సీసా దారి తప్పకుండా చూడటమే రిజిస్టర్ పని. కానీ చిన్న క్లినిక్‌లో తాళంచెవి పట్టుకునేదీ, రిజిస్టర్ రాసేదీ ఒక్కరే కావచ్చు. రాత్రి డ్యూటీలో ఒక ముసలి కుక్కకు ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చి, బిల్లు దగ్గర యజమానితో మాటలు పడి, తెల్లవారుజామున ఒంటరిగా మిగిలిన ఆ మనిషికి అందులో గడి లేదు. నిద్ర కోసం మొదలైన మందు ఎక్కడికి పోతుందో ఏ ఆడిట్ చెబుతుంది? అమెరికాలో 1979-2015 మధ్య పశువైద్యుల మరణాలను పరిశీలించి 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వాటిలో ఆత్మహత్యల వాటా సాధారణ జనంతో పోలిస్తే పురుషుల్లో 2.1 రెట్లు, మహిళల్లో 3.5 రెట్లు ఎక్కువ.

రిజిస్టర్ రావడానికి ఏడాది ముందే, 2014 డిసెంబరులో, బ్రిటన్ పశువైద్యుల నియంత్రణ సంస్థ ఆర్‌సీవీఎస్ ‘మైండ్ మ్యాటర్స్’ పేరుతో మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టింది. వ్యసనంలో పడిన డాక్టర్‌ను బహిరంగ విచారణకు ఈడ్చకుండా, పర్యవేక్షణలో చికిత్స తీసుకుంటూ పనిచేయనిచ్చే హెల్త్ ప్రోటోకాల్ కూడా అక్కడ ఉంది. పశువైద్యుల కోసం నడిచే వెట్‌లైఫ్ హెల్ప్‌లైన్‌కు రాత్రీపగలూ ఫోన్ చేయొచ్చు, పేరు బయటికి రాదు. కానీ ఇవన్నీ పనిచేయాలంటే డాక్టర్ ముందు నోరు విప్పాలి. లైసెన్స్ పోతుందన్న భయం ఇప్పటికే నోరు నొక్కేస్తోంది. ఇక బీరువాలోంచి తనకోసం తీసుకున్నానని ఒప్పుకోవాల్సిన ఆ డాక్టర్ ముందు, తరగతి మారితే, అయిదేళ్ల బదులు ఏడేళ్ల జైలు నిలబడుతుంది.