టూ థర్టీన్ లెక్క, టిప్పుల వాటా: మన రెస్టారెంట్లలో రోజూ వినే అపోహలు

డాలస్ చుట్టుపక్కల ఇండియన్ రెస్టారెంట్లకి పేరోల్ చూస్తుంటా, చాలావరకు మనవాళ్ళవే. ఓనర్లూ సర్వర్లూ జీతాలు, టిప్పుల గురించి తిప్పి తిప్పి అవే అడుగుతుంటే ఒక్కసారి రాసి పడేద్దామనిపించింది. ఇది టెక్సాస్ లెక్క, అంటే ఇక్కడ నడిచేది ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వం) రూలే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ స్టేట్ లాంటి చోట్ల టిప్ క్రెడిట్ (టిప్పుల్ని చూపించి జీతం తగ్గించి ఇచ్చే వెసులుబాటు) అనేదే లేదు, స్టేట్ మినిమమ్ వేజ్ మొత్తం ఇచ్చాకే టిప్పు, కాబట్టి అక్కడోళ్ళు కింది లెక్కలు పట్టుకుని ఓనర్‌తో గొడవకి దిగకండి.

అపోహ: సర్వర్‌కి గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతాది వాళ్ళ అదృష్టం.

అదృష్టం కాదు అన్నా, నీ బాధ్యత. మినిమమ్ వేజ్ 7.25, 2009 నుంచి అదే (2.13 అయితే 1991 నుంచి కదల్లేదు, అప్పటికి నేను బళ్ళో కూడా చేరలేదు). మధ్యలో 5.12 టిప్పుల్లోంచి వస్తుందిలే అని చట్టం నీకిచ్చిన వెసులుబాటే టిప్ క్రెడిట్. రాకపోతే ఆ తేడా నువ్వే కట్టాలి, అదీ వారం వారం లెక్క చూసి. సర్వర్ 30 గంటలు చేశాడనుకో, చేతికి 217.50 రావాలి, నువ్విచ్చేది 63.90, టిప్పులు డల్‌గా ఉండి 100 వచ్చాయి, ఇంకో 53.60 నీ జేబులోంచి పడాలి. పోయిన వారం బాగా వచ్చాయి కదా అంటే కుదరదు. ఇంకోటి, టిప్ క్రెడిట్ తీసుకుంటున్నా అని ముందే ఆ మనిషికి చెప్పి ఉండాలి, చెప్పకపోతే క్రెడిటే లేదు, మొత్తం 7.25 ఇవ్వాల్సిందే.

అపోహ: టిప్పులన్నీ ఒక డబ్బాలో వేసి అందరం పంచుకుంటాం, అందులో తప్పేముంది?

"అందరం" అనే మాటలోనే తప్పుంది. ఓనరు, మేనేజరు, సూపర్‌వైజరు ఆ డబ్బాలో చెయ్యి పెట్టకూడదు, 2018 మార్చిలో చట్టం మార్చాక ఇందులో సందేహమే లేదు, ఫుల్ జీతం ఇస్తున్నా సరే పెట్టకూడదు. నాకు తెలిసిన ఒక చోట ఓనర్ బావమరిది ఫ్లోర్ చూసేవాడు, షెడ్యూల్ వేసేది ఆయనే, మనుషుల్ని పెట్టుకునేది తీసేసేది ఆయనే, రాత్రి టిప్పులు పంచేటప్పుడు మాత్రం "నేనూ ప్లేట్లు మోశా కదా" అని సమానంగా ఒక వాటా. ప్లేట్లు మోస్తే మేనేజరు కాకుండా పోడు. ఒక టేబుల్‌ని మొదట్నుంచీ చివరిదాకా తనొక్కడే చూసుకుంటే ఆ టేబుల్ టిప్పు తనే ఉంచుకోవచ్చు, అంతవరకే.

ఇక దోశ మాస్టరు సంగతి. ఓనర్లకి నచ్చని జవాబు ఇదే. సర్వర్లకి 2.13 ఇస్తూ వాళ్ళ టిప్పుల్లోంచి కిచెన్‌కి వాటా ఇప్పించకూడదు. వంటవాళ్ళకీ, గిన్నెలు కడిగేవాళ్ళకీ ఇవ్వాలనుంటే ముందు సర్వర్లకి 7.25 మొత్తం ఇవ్వు, అప్పుడు ఆ టిప్పుల డబ్బాలో కిచెన్‌ని కూడా కలుపుకో. రెండూ కావాలంటే కుదరదు. సర్వరు తన ఇష్టంతో మాస్టర్‌కి పది డాలర్లు ఇస్తే అది వేరే విషయం.

అపోహ: ఓవర్‌టైమ్ అంటే 2.13కి ఒకటిన్నర రెట్లు.

కాదు. 7.25కి ఒకటిన్నర కట్టి అందులోంచి 5.12 తీసెయ్యాలి, గంటకి 5.76 వస్తుంది. చాలామంది 3.20 ఇస్తున్నారు, అడిగితే సాఫ్ట్‌వేర్ అలా వేసింది అంటారు.

ప్లేటు పగిలింది, కస్టమర్ బిల్లు కట్టకుండా వెళ్ళిపోయాడు, సర్వర్ జీతంలో కోసేస్తాం అనేది కూడా ఇక్కడే చెప్తున్నా. 2.13 మీద ఉన్న మనిషికి చట్టం లెక్కలో వచ్చేదే మినిమమ్, అందులోంచి కోస్తే దాని కిందకి పోయినట్టే. కార్డు టిప్పు మీద బ్యాంకు తీసుకునే ఫీజు వరకు మాత్రం కోసుకోవచ్చు, 3 శాతం అయితే 3 శాతమే, 5 కాదు.

బిల్లులో ఆరుగురు దాటితే 18 శాతం అని తప్పనిసరిగా వేసేది అసలు టిప్పే కాదు, సర్వీస్ ఛార్జి, అది ఓనర్ డబ్బు. సర్వర్లకి పంచితే జీతం కింద లెక్క.

అపోహ: ఇప్పుడు టిప్పుల మీద టాక్స్ లేదుగా.

ఉంది, తగ్గింది. 2025 నుంచి 2028 దాకా ఏడాదికి 25,000 డాలర్ల వరకు టిప్పులు ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్‌లో డిడక్షన్ (టాక్స్ పడే ఆదాయంలోంచి తీసివేత) చూపించుకోవచ్చు, కానీ సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (పెన్షన్, పెద్దవాళ్ళ వైద్యం కోసం జీతంలోంచి కోసే పన్నులు) 7.65 శాతం కట్ అవుతూనే ఉంటుంది. నెలకి టిప్పులు 20 డాలర్లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తర్వాతి నెల 10వ తేదీలోపు ఓనర్‌కి చెప్పాలి అన్న రూలూ పోలేదు.

చివరిది, స్టూడెంట్స్ మెసేజ్ పెట్టి అడిగేది: "అన్నా, నాకు పని చేసే పర్మిషన్ లేదు, జీతం అడిగే హక్కు ఉందా?" పర్మిషన్ లేకుండా క్యాంపస్ బయట పని చేస్తే వీసా స్టేటస్‌కి దెబ్బ, అది నిజం, చెయ్యొద్దనే చెప్తా. కానీ చేసిన గంటలకి మినిమమ్ వేజ్ మాత్రం ఇవ్వాల్సిందే, స్టేటస్ చూసి మారదు. రెండేళ్ళ వెనక్కి, ఓనర్ తెలిసే ఎగ్గొట్టాడని తేలితే మూడేళ్ళ వెనక్కి అడగొచ్చు. ఏ రోజు ఎన్ని గంటలు, ఎంత టిప్పు అనేది ఫోన్‌లో రాసుకుంటూ ఉండండి, ఓనర్ దగ్గర సరైన రికార్డు లేని చోట ఆ నోట్సే పనికొస్తుంది.